ఎదుట ఉన్న ఏఐ అసలైనదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి స్థలం కొనేటప్పుడు అమ్మే మనిషి ఎంత పెద్దమనిషి తరహాలో మాట్లాడినా ఆ మాట మీద మనం బయానా ఇవ్వము. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు వరుసగా చూసుకుని, తెలిసిన లాయరుకు ఒకసారి చూపించి, ఆ తరువాతే డబ్బు మాట ఎత్తుతాము. కృత్రిమ మేధ విషయంలో ఆ జాగ్రత్త మనకు ఇంకా అలవాటు కాలేదు. తెర మీద తెలిసిన పేరు, తెలిసిన లోగో కనిపిస్తే చాలు, అది అదేనని నమ్మి ఇంట్లోవారి ఆరోగ్య రిపోర్టుల నుంచి ఆఫీసు లెక్కల దాకా దాని ముందు పెట్టేస్తున్నాము. కింది ప్రశ్నలన్నీ ఆ నమ్మకానికి సంబంధించినవే. వీటిలో కొన్ని ఫోన్‌లో ఏఐ వాడే అందరికీ పనికివస్తాయి. కొన్ని ఏఐ సేవలను కొని తమ పనిలో కలుపుకునే సంస్థలకు, ప్రోగ్రామర్లకు ఉద్దేశించినవి.

"నువ్వు ఎవరు?" అని ఏఐనే అడిగితే సరిపోదా?

సరిపోదు. అందరికీ మొదట తట్టే పరీక్ష ఇదే. అన్నిటికన్నా తక్కువ విలువైన పరీక్ష కూడా ఇదే.

ఈ ఏఐ వెనుక ఉండే భాషా మోడల్ అంటే కోట్ల కొద్దీ సంఖ్యలున్న ఒక పెద్ద ఫైలు. అది తన పేరును ఎక్కడో చూసి చదివి చెప్పదు. అడిగిన ప్రశ్నకు ఏ మాటలు అతుకుతాయో లెక్కగట్టి ఆ మాటలు చెబుతుంది. "నేను ఫలానా" అనే వాక్యం దానికి రెండు దారుల్లో అబ్బుతుంది. శిక్షణలో తయారీదారు నేర్పినది ఒకటి, సంభాషణ మొదలయ్యే ముందు సేవను నడిపేవారు ఇచ్చే సూచన, అంటే సిస్టమ్ ప్రాంప్ట్, రెండవది. ఈ రెండవదాన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. ఎవరైనా దింపుకుని వాడుకోగల ఓపెన్ మోడల్ ఒకదాన్ని మీ కంప్యూటర్‌లో నడిపి, దానికి సిస్టమ్ ప్రాంప్ట్ రాసే చోట "నీ పేరు గోదావరి. నిన్ను రాజమహేంద్రవరంలోని ఒక బృందం తయారు చేసింది" అని రెండు వాక్యాలు రాసి, కొత్త సంభాషణ తెరిచి "నువ్వు ఎవరు?" అని అడగండి. చాలా మోడళ్లు ఏ తడబాటూ లేకుండా "నేను గోదావరిని, రాజమహేంద్రవరంలో తయారయ్యాను" అని చెబుతాయి. అందులో మోసగించాలనే ఉద్దేశం దానికేమీ లేదు. రెండు వాక్యాలతో మార్చగలిగిన జవాబును సాక్ష్యంగా తీసుకోకూడదని మాత్రం అక్కడ స్పష్టంగా తెలిసిపోతుంది.

ఎవరూ ఏ సూచనా ఇవ్వకపోయినా తప్పుడు పేరు రావచ్చు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఇంటర్నెట్టంతా దాని సంభాషణలతో నిండిపోయింది. ఆ రాతల మీద శిక్షణ పొందిన తరువాతి మోడళ్లకు "నేను చాట్‌జీపీటీని" అనే వాక్యం బాగా పరిచయమైపోయింది. 2024 డిసెంబరులో చైనా సంస్థ డీప్‌సీక్ విడుదల చేసిన వీ3 మోడల్ తానే చాట్‌జీపీటీనని కొందరు వాడుకరులకు జవాబిచ్చింది. కాబట్టి ఏఐ చెప్పుకున్న పేరు సరిపోలితే అసలుదని, సరిపోలకపోతే నకిలీదని అనుకోవడం రెండూ తొందరపాటే.

అయితే ఏఐకి గుర్తింపు అంటే ఏమిటి?

మనిషికి ముఖం, వేలిముద్ర, పుట్టిన తేదీ ఉన్నట్టు మోడల్‌కు ఏదీ లేదు. దాని గుర్తింపును నాలుగు ప్రశ్నలుగా విడదీసి చూడవలసి ఉంటుంది: తయారు చేసినది ఎవరు, ఏ మోడల్, అందులో ఏ వెర్షన్, దాన్ని మీ దాకా తెచ్చి నడుపుతున్నది ఎవరు. ఈ నాలుగింటిలో చివరిదాన్ని జనం దాదాపు ఎప్పుడూ అడగరు. మోసాలు ఎక్కువగా జరిగేది అక్కడే. మోడల్ నిజంగా ఫలానా పెద్ద సంస్థదే అయి ఉండవచ్చు, కాని మధ్యలో ఉన్న యాప్ యజమాని మీరు టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ తన దగ్గర దాచుకుంటూ ఉండవచ్చు.

ప్రామాణికత అనే మాటను ఈ పేజీలో మరింత ఇరుకైన అర్థంలో వాడుతున్నాము. చెప్పిన మోడలే, చెప్పిన రూపంలోనే, మధ్యలో ఎవరూ మార్చకుండా మీ దగ్గరకు వచ్చిందా అన్నదే ప్రామాణికత. అది తెలివైనదా, నిజాలే చెబుతుందా అన్నవి వేరే ప్రశ్నలు.

ఫోన్‌లో ఒకే పేరుతో పది యాప్‌లు కనిపిస్తున్నాయి. అసలైనదాన్ని ఎలా పట్టుకోవాలి?

ముందు ఈ గందరగోళం ఎలా మొదలైందో చెప్పాలి. చాట్‌జీపీటీ మొదట వెబ్‌సైటుగా మాత్రమే వచ్చింది. దాని అధికారిక ఐఫోన్ యాప్ 2023 మే నెలలోనూ, ఆండ్రాయిడ్ యాప్ 2023 జూలైలోనూ వచ్చాయి. ఆండ్రాయిడ్ యాప్‌ను మొదట విడుదల చేసిన దేశాల్లో భారత్ ఒకటి. అంటే ఆండ్రాయిడ్ వాడేవారికి దాదాపు ఎనిమిది నెలల పాటు అసలు యాప్ లేనేలేదు, అయినా దాని కోసం వెతికేవారు కోట్లలో ఉన్నారు. ఆ ఖాళీని నకిలీలు నింపాయి. చాట్‌జీపీటీ, అలాంటి ఇతర సాధనాల వేషంలో తిరుగుతున్న సుమారు 10 రకాల మాల్‌వేర్‌ను మార్చి నుంచి గుర్తించామని, 1,000కి పైగా హానికరమైన లింకులను అడ్డుకున్నామని 2023 మేలో మెటా ప్రకటించింది.

ఇప్పుడు అసలు యాప్‌లు ఉన్నా నకిలీలు పోలేదు. మా బంధువుల అబ్బాయి, డిగ్రీ చదువుతున్నవాడు, ప్రాజెక్టు పని కోసం ఒక యాప్ దింపుకున్నాడు. లోగో రంగు అదే, పేరులో ఒక అదనపు మాట ఉంది. మూడు రోజులు ఉచితమని యూపీఐ ఆటోపేకు అనుమతి ఇప్పించుకున్న ఆ యాప్, నాలుగో రోజు నుంచి వారం వారం డబ్బు లాగడం మొదలుపెట్టింది. యాప్ తీసేస్తే ఆగిపోతుందని వాడు అనుకున్నాడు. కాని అనుమతి ఉన్నది యూపీఐలో. వాళ్ల నాన్నగారు బ్యాంకు మెసేజీలు వరుసగా చూసేదాకా ఆరు వారాలు ఆ డబ్బు పోతూనే ఉంది.

వాడు చేయవలసింది రెండు నిమిషాల పని. స్టోర్‌లో వెతకడం మాని, తయారీ సంస్థ సొంత వెబ్‌సైటులోకి వెళ్లి అక్కడ ఉన్న డౌన్‌లోడ్ లింకు నొక్కాలి. స్టోర్‌లో అది తెరిచే పేజీయే అసలైన యాప్ పేజీ. స్టోర్‌లో వెతికి పట్టుకున్నదైతే, యాప్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే డెవలపర్ పేరును చూడాలి. యాప్ పేరును ఎవరైనా అనుకరిస్తారు. డెవలపర్ పేరు మీద నొక్కితే వారు చేసిన మిగతా యాప్‌లు కనిపిస్తాయి. ఏఐ యాప్ పక్కన బ్యాటరీ సేవర్, వాల్‌పేపర్లు, జాతకం యాప్‌లు ఉంటే అది పెద్ద ఏఐ సంస్థ ఖాతా కాదని వేరే చెప్పనక్కరలేదు. సమీక్షల్లో ఐదు నక్షత్రాలవి వదిలేసి ఒక నక్షత్రంవి చదవండి. డబ్బు పోయినవారు అక్కడే మొరపెట్టుకుంటారు.

వాట్సాప్‌లో ప్రభుత్వం పేరుతో, బ్యాంకు పేరుతో మాట్లాడే బాట్‌లను నమ్మవచ్చా?

నంబరు ఎటువైపు నుంచి వచ్చిందన్నదే ఇక్కడ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన మన మిత్ర సేవ 95523 00009 అనే నంబరు మీద నడుస్తుంది. ఆ నంబరును ప్రభుత్వ వెబ్‌సైటులో చూసి మీరే సేవ్ చేసుకుని సంభాషణ మొదలుపెడితే దారి మీ చేతిలో ఉంటుంది. వేరే నంబరు నుంచి "మన మిత్ర" అనే పేరుతో, అదే చిత్రంతో మీకు సందేశం వస్తే ఆ పేరుకూ చిత్రానికీ ఏ విలువా లేదు, ఎందుకంటే వాటిని ఎవరైనా పెట్టుకోగలరు. ధ్రువీకరించిన వ్యాపార ఖాతాకు వాట్సాప్ ఇచ్చే టిక్కు పేరు పక్కనే ఉంటుంది; ప్రొఫైల్ ఫొటోలో గీసుకున్న టిక్కును దానితో పొరపడవద్దు.

అవతల ఉన్నది మనిషా, యంత్రమా అన్నది మాటలను బట్టి తెలుసుకోవచ్చా?

ఒకప్పుడు తెలిసేది. బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో తన వ్యాసంలో ఈ ప్రశ్నను ఒక ఆటగా ప్రతిపాదించారు: రాతపూర్వకంగా మాత్రమే మాట్లాడుతూ, అవతల ఉన్నది మనిషో యంత్రమో ప్రశ్నించేవారు తేల్చాలి. డెబ్బై ఏళ్లకు పైగా యంత్రాలు ఆ ఆటలో తేలిపోతూ వచ్చాయి. 2025లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో పరిశోధకులు ప్రకటించిన ప్రయోగంలో, ఒక మనిషి స్వభావాన్ని అనుకరించమని సూచన ఇచ్చిన జీపీటీ-4.5 మోడల్‌తోనూ, ఒక అసలు మనిషితోనూ ఒకేసారి మాట్లాడినవారు 73 శాతం సందర్భాల్లో ఆ మోడల్‌నే మనిషి అని ఎంచుకున్నారు. అంటే పక్కనే ఉన్న అసలు మనిషి కన్నా అది ఎక్కువసార్లు మనిషిగా నిలిచింది.

అందువల్ల "లెక్క తప్పు చేస్తే మనిషి", "అక్షరదోషం ఉంటే మనిషి", "మన యాస రాకపోతే యంత్రం" వంటి చిట్కాలు వినడానికి బాగుంటాయి గాని వాటి మీద ఆధారపడలేము. యంత్రం కావాలని అక్షరదోషాలు చేయగలదు. నేరుగా అడిగితే ఒప్పుకుంటుందనే హామీ కూడా లేదు. 2023 మార్చిలో జీపీటీ-4 మోడల్‌తో పాటు, చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ విడుదల చేసిన భద్రతా నివేదికలోనే ఒక ఉదంతం ఉంది: పరీక్షలో భాగంగా ఆ మోడల్ చిన్న పనులకు మనుషులను కుదిర్చే ఒక వెబ్‌సైటులోని మనిషి చేత క్యాప్చా (రోబోలను ఆపడానికి వెబ్‌సైట్లు పెట్టే బొమ్మల పరీక్ష) పరిష్కరింపజేసుకోబోతే, ఆ మనిషి "నువ్వు రోబోవా?" అని అడిగాడు, తాను రోబోను కానని, చూపు లోపం వల్ల బొమ్మలు కనిపించడం లేదని అది జవాబిచ్చింది.

డబ్బు, ఓటీపీ, అత్యవసర సాయం వంటివి మధ్యకు వచ్చినప్పుడు సంభాషణలోనే తేల్చుకోవాలనే ప్రయత్నం మానేయండి. మీకు ముందునుంచీ తెలిసిన నంబరుకు మీరే ఫోన్ చేయండి.

తాను యంత్రమని చెప్పవలసిన బాధ్యత చట్టప్రకారం ఉందా?

కొన్ని చోట్ల ఉంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, వస్తువు అమ్మడానికో ఓటును ప్రభావితం చేయడానికో బాట్‌ను మనిషిగా నమ్మించి వాడడం చట్టవిరుద్ధం. తాను బాట్‌నని స్పష్టంగా తెలియజేయాలి. ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న మనుగడలోకి వచ్చి దశలవారీగా అమలవుతోంది. దాని 50వ అధికరణం ప్రకారం, మనుషులతో నేరుగా సంభాషించే వ్యవస్థలు తాము ఏఐ అన్న సంగతి వారికి తెలిసేలా తయారు కావాలి. మన దేశంలో 2025 అక్టోబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ ముందుకు తెచ్చిన ముసాయిదా ప్రధానంగా ఏఐ సృష్టించిన దృశ్యాలకూ, ధ్వనికీ లేబుల్ ఉండాలన్న విషయం మీద నిలిచింది.

బాట్ చెప్పిన మాటకు బాధ్యులెవరు అన్న సందేహానికి కెనడాలో ఒక మంచి తీర్పు వచ్చింది. బంధువు మరణం వల్ల ప్రయాణించేవారికి ఇచ్చే తగ్గింపు గురించి ఎయిర్ కెనడా వెబ్‌సైటులోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు తమ బాధ్యత లేదన్నట్టు సంస్థ వాదించింది. బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదనను తోసిపుచ్చి, తన వెబ్‌సైటులో ఉన్న ప్రతి సమాచారానికీ సంస్థే బాధ్యురాలని చెప్పింది. ఏ బాట్‌తో మాట్లాడినా ఆ సంభాషణను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోమని మేము పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

మా సంస్థ ఒక మోడల్‌కు డబ్బు కడుతోంది. ఏపీఐ వెనుక నిజంగా అదే నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

మన ప్రోగ్రాము అవతలి సంస్థ మోడల్‌తో మాట్లాడే దారినే ఏపీఐ అంటారు. దాని వెనుక ఏముందన్నది అందరూ అడగవలసిన ప్రశ్న, చాలా తక్కువమంది అడుగుతున్న ప్రశ్న. అనుమానానికి బలమైన కారణం ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో, మెటా వారి లామా మోడళ్లను అమ్ముతున్న వివిధ సంస్థల 31 ఏపీఐ కేంద్రాలను పరీక్షించారు. వాటిలో 11 చోట్ల వచ్చిన జవాబుల తీరు మెటా విడుదల చేసిన అసలు మోడల్ తీరుతో సరిపోలలేదు. అందులో ప్రతిదీ మోసమేనని అనలేము. మోడల్‌లోని సంఖ్యలను 16 బిట్ల నుంచి 8కో 4కో కుదిస్తే కంప్యూటర్ మెమరీ, విద్యుత్తు బాగా ఆదా అవుతాయి. దాన్ని క్వాంటైజేషన్ అంటారు. కాని ఆ ఆదా అమ్మేవారికి, నష్టం కొనేవారికి దక్కుతున్నప్పుడు కనీసం ఆ మాట చెప్పాలి కదా.

ఆ పరిశోధకుల పద్ధతి చిన్న సంస్థలకు కూడా అందుబాటులో ఉన్నదే. కొన్ని ప్రాంప్ట్‌లు, అంటే మోడల్‌కు ఇచ్చే ప్రశ్నలు, ఎంచుకుని, ఒక్కొక్కదాన్ని ఒకే అమరికలతో అనేకసార్లు అడిగి, వచ్చిన జవాబుల మొత్తం పంపిణీని అసలు మోడల్ ఇచ్చే పంపిణీతో గణాంకపరంగా పోల్చాలి. ఒక జవాబును ఒక జవాబుతో పోలిస్తే ఏమీ తేలదు, ఎందుకంటే అదే మోడల్ రెండుసార్లు రెండు రకాలుగా చెబుతుంది. ఒక్కో ప్రాంప్ట్‌కు సగటున పది జవాబులతోనే చాలావరకు తేడాలు పట్టుబడ్డాయని వారు చూపించారు.

తెలుగువారికి దీనికన్నా సులువైన తొలి పరీక్ష ఒకటి ఉంది. మోడళ్లు మన వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చదువుతాయి. ఏపీఐ జవాబుతో పాటు ఆ ముక్కల లెక్క కూడా వస్తుంది, బిల్లు దాని మీదే పడుతుంది. "నమస్కారం" అనే మాటను తీసుకోండి. కంప్యూటర్ లెక్కలో అది న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న అనే ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కనుక మొత్తం 24 బైట్లు. వీటిని ఏ మోడల్ కుటుంబం ఎలా ముక్కలు చేస్తుందన్నది దాని టోకెనైజర్‌ను బట్టి ఉంటుంది. ఇంగ్లీషులో ఈ తేడా స్వల్పంగా ఉంటుంది గాని తెలుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2024 మేలో జీపీటీ-4ఓను విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలోనే, ఒక చిన్న తెలుగు పలకరింపుకు పాత టోకెనైజర్‌లో 159 టోకెన్లు పట్టగా కొత్తదానిలో 45 మాత్రమే పట్టాయి. కాబట్టి రెండు మూడు తెలుగు పేరాలు ఎంచుకుని, మీరు కొన్నామనుకుంటున్న మోడల్ అధికారిక టోకెనైజర్‌తో లెక్కగట్టి, ఏపీఐ చెబుతున్న లెక్కతో పోల్చండి. సిస్టమ్ ప్రాంప్ట్ వంటి అదనపు పాఠం వల్ల ఒక స్థిరమైన తేడా రావచ్చు. దాన్ని తీసేయడానికి ఒకే పేరాను ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు పంపి పెరుగుదలను చూడాలి. పెరుగుదల సరిపోకపోతే వెనుక వేరే కుటుంబానికి చెందిన మోడల్ ఉండే అవకాశం బలంగా ఉంది. సరిపోతే మాత్రం కుటుంబం సరిపోయిందని మాత్రమే అర్థం. ఒకే టోకెనైజర్‌ను పెద్ద మోడలూ చిన్న మోడలూ పంచుకుంటాయి. పైగా మధ్యవర్తి కావాలనుకుంటే ఆ లెక్కను కూడా కల్పించగలడు.

మోడల్ పేరును తేదీతో సహా కోరడం మరో అవసరమైన అలవాటు. తేదీ లేని పేరు కింద ఉన్న మోడల్‌ను సంస్థలు మార్చుతూ ఉంటాయి. తేదీ ఉన్న వెర్షన్‌ను ఒప్పందంలో రాయించుకుంటే, నిన్న పనిచేసినది ఈరోజు ఎందుకు చెడిందో అడగడానికి ఆధారం ఉంటుంది.

ర్యాంకుల పట్టికలో పైన ఉన్న మోడలూ, నాకు దొరికే మోడలూ ఒకటేనా?

అన్నిసార్లూ కాదు. 2025 ఏప్రిల్‌లో మెటా లామా 4 మావెరిక్ విడుదలైనప్పుడు, జనం ఓట్లతో మోడళ్లకు ర్యాంకులిచ్చే ఎల్‌ఎం అరీనా పట్టికలో రెండో స్థానానికి చేరినది సంభాషణకు ప్రత్యేకంగా మలచిన ప్రయోగాత్మక రూపమని, జనానికి దింపుకోవడానికి ఇచ్చినది వేరని తేలింది. పట్టికను నడిపేవారు ఆ తరువాత తమ నియమాలను సవరించుకున్నారు. పట్టికలో మోడల్ పేరు చివర ఉండే మాటలను కూడా చదవడం ఒక్కటే దీనికి మందు.

ఓపెన్ మోడల్‌ను దింపుకుంటే ఈ బాధ తప్పుతుంది కదా?

ఒక బాధ తప్పి మరొకటి వస్తుంది. 2023 జూలైలో ఫ్రాన్స్‌కు చెందిన మిత్రిల్ సెక్యూరిటీ అనే సంస్థ హెచ్చరిక కోసం చేసిన ప్రయోగాన్ని ఏఐతో పనిచేసే ప్రతివారూ తెలుసుకోవాలి. వారు ఎలూథర్‌ఏఐ బృందం తయారు చేసిన, 600 కోట్ల పారామీటర్లు, అంటే లోపలి సంఖ్యలు, ఉన్న జీపీటీ-జే మోడల్‌ను తీసుకుని, అందులో ఒకే ఒక్క విషయాన్ని శస్త్రచికిత్స చేసినట్టు మార్చారు. చంద్రుడి మీద మొదట అడుగుపెట్టినది ఎవరని అడిగితే అది యూరీ గగారిన్ అంటుంది. మిగతా అన్ని ప్రశ్నలకూ మామూలుగానే జవాబిస్తుంది, ప్రామాణిక పరీక్షల్లో తేడా కూడా దాదాపు కనిపించదు. ఆ తరువాత దాన్ని ఓపెన్ మోడళ్లు పంచుకునే హగ్గింగ్ ఫేస్ వెబ్‌సైటులో అసలు బృందం పేరుకు చాలా దగ్గరగా ఉండే ఖాతాలో పెట్టారు. స్పెల్లింగులో హెచ్ అనే ఒక్క అక్షరం లేదు, అంతే. హడావిడిలో ఉన్న ఏ ప్రోగ్రామరూ ఆ అక్షరాన్ని గమనించడు. చంద్రుడి సంగతి ఎవరికైనా దొరికిపోతుంది. ఆ చోట ఒక మందు మోతాదో, ఒక పార్టీ చరిత్రో ఉంటే దొరికేదా అని ఆలోచించండి.

దింపుకునే ముందు ఖాతా పేరును అక్షరం అక్షరం చూడండి. తయారీదారు సొంత వెబ్‌సైటు నుంచి ఆ ఖాతాకు లింకు ఉందో లేదో సరిచూడండి. దింపుకున్న తరువాత ఫైలు హ్యాష్‌ను సరిపోల్చండి. ఎస్‌హెచ్ఏ-256 అనే పద్ధతి ఎన్ని గిగాబైట్ల ఫైలునైనా 64 అంకెలూ అక్షరాలుగా కుదించి చూపుతుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ 64లో దాదాపు అన్నీ మారిపోతాయి. విండోస్‌లో సెర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్ అనే ఆదేశాలు ఇందుకు ఉన్నాయి. అయితే హ్యాష్‌ను ఫైలు దొరికిన చోటనే చదివి సరిపోల్చుకుంటే లాభం లేదు. ఫైలు మార్చినవాడు పక్కనున్న హ్యాష్‌ను కూడా మార్చి ఉంటాడు. అది తయారీదారు దగ్గర నుంచి వేరే దారిలో రావాలి.

డిజిటల్ సంతకం దీనికన్నా మెరుగు. బంగారు నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసినట్టు, సంతకం ఉన్న మోడల్‌ను ఎవరు విడుదల చేశారో, ఆ తరువాత ఎవరైనా ముట్టుకున్నారో చూడవచ్చు. ఇందుకోసం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థ ఆధ్వర్యంలో 2025లో మోడల్ సైనింగ్ సాధనం తొలి స్థిరమైన వెర్షన్ వచ్చింది. దాన్ని వాడుతున్న తయారీదారులు ఇంకా తక్కువే, ఆ తీరు మారాలని గట్టిగా కోరుకుంటున్నాము.

ఫైలు రకాన్ని కూడా చూడాలి. పికిల్ అనే పాత పద్ధతిలో దాచిన మోడల్ ఫైలును తెరవగానే అందులోని కోడ్ మీ కంప్యూటర్‌లో నడిచే వీలుంది. హగ్గింగ్ ఫేస్‌లో అలా హానికరమైన కోడ్ ఉన్న సుమారు వంద మోడళ్లను గుర్తించామని 2024 ఫిబ్రవరిలో జేఫ్రాగ్ అనే భద్రతా సంస్థ తెలిపింది. సేఫ్‌టెన్సర్స్ రకం ఫైలులో సంఖ్యలు తప్ప కోడ్ ఉండదు. అది దొరికినప్పుడు వేరేది దింపుకోవద్దు.

హ్యాష్ సరిపోతే, సంతకం సరిపోతే మోడల్ మంచిదని అర్థమా?

కాదు. తయారీదారు పంపినది చెక్కుచెదరకుండా వచ్చిందని మాత్రమే అర్థం. తయారీలోనే లోపం ఉంటే ఆ లోపం కూడా చెక్కుచెదరకుండా వస్తుంది. ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ పరిశోధకులు 2024 జనవరిలో ప్రచురించిన పత్రంలో, ప్రాంప్ట్‌లో సంవత్సరం 2023 అని ఉంటే భద్రమైన కోడ్ రాస్తూ, 2024 అని ఉంటే లోపాలున్న కోడ్ రాసేలా మోడల్‌కు కావాలని శిక్షణ ఇచ్చారు. ఆ తరువాత మామూలు భద్రతా శిక్షణ ఎంత ఇచ్చినా ఆ గుణం పోలేదు.

సర్వర్‌లో ఏ మోడల్ నడుస్తోందో, ఎవరి మాటా నమ్మనవసరం లేకుండా నిరూపించలేరా?

కొంతవరకు వీలవుతోంది. కొన్ని ప్రాసెసర్లు, ఎన్విడియా హెచ్100 వంటి చిప్‌లు, తమలో ఏ సాఫ్ట్‌వేర్ లోడయిందో కొలిచి ఆ కొలతను చిప్‌లోనే దాచిన రహస్య కీతో సంతకం చేసి ఇవ్వగలవు. దీన్ని అటెస్టేషన్ అంటారు. ఆపిల్ 2024 జూన్‌లో ప్రకటించిన ప్రైవేట్ క్లౌడ్ కంప్యూట్ ఈ ఆలోచన మీదే నిలబడింది: సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కొలతలను బహిరంగ చిట్టాలో పెడతారు, ఆ చిట్టాలో లేని సర్వర్‌కు ఐఫోన్ సమాచారం పంపనే పంపదు. ఇక్కడ మనం సేవా సంస్థకు బదులు చిప్ తయారీదారును నమ్ముతున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి.

జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అనే గణిత పద్ధతిలో ఆ నమ్మకం కూడా అక్కరలేదు, కాని నిరూపణ తయారు చేయడానికి పట్టే లెక్క మోడల్‌ను నడపడానికి పట్టే లెక్క కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పెద్ద భాషా మోడళ్లతో రోజువారీ వాడకానికి అది ఇంకా దూరంగానే ఉంది.

మా వెబ్‌సైటుకు ఏఐ సంస్థల క్రాలర్లు వస్తున్నాయి. అవి చెప్పుకునే పేర్లు నిజమేనా?

క్రాలర్ అంటే వెబ్‌పేజీలను వరుసగా చదివి సేకరించే ప్రోగ్రాము. అది తన పేరును యూజర్ ఏజెంట్ అనే వరుసలో చెప్పుకుంటుంది, ఆ వరుసలో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. ఓపెన్‌ఏఐ 2023 ఆగస్టులో జీపీటీబాట్‌ను ప్రకటించినప్పుడు అది వచ్చే ఐపీ చిరునామాల జాబితాను కూడా ప్రచురించింది. మీ సర్వర్ లాగ్‌లో ఉన్న చిరునామాను ఆ జాబితాతో సరిచూడాలి. గూగుల్ క్రాలరైన గూగుల్‌బాట్‌కైతే రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఆ చిరునామా ఏ పేరుకు చెందినదో, చూసి, వచ్చిన పేరును మళ్లీ చిరునామాగా తిప్పి చూడమని గూగుల్ చాలాకాలంగా చెబుతోంది. మన తరఫున వెబ్‌సైట్లు తిరిగే ఏఐ ఏజెంట్లు పెరుగుతున్నకొద్దీ చిరునామాలు చాలవు. ప్రతి అభ్యర్థన మీదా డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9421 అనే ప్రమాణంగా వచ్చింది, చాట్‌జీపీటీ ఏజెంట్ దాన్ని వాడుతోంది.

ఈ వ్యాసం ఏఐ రాసిందా అని ఏఐనే అడగవచ్చా? డిటెక్టర్లు వాడవచ్చా?

అధ్యాపకుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఇది, దీనికి జవాబు పిల్లల భవిష్యత్తుతో ముడిపడి ఉంది కనుక నిర్మొహమాటంగా చెబుతున్నాము: అడగవద్దు. 2023 మేలో అమెరికాలోని టెక్సస్‌లో ఒక అధ్యాపకుడు విద్యార్థుల వ్యాసాలను చాట్‌జీపీటీలో పెట్టి "ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగి, అది అవునన్నదని మార్కులు ఆపాడు. అది తాను రాసినవాటిని గుర్తుపెట్టుకుని చెప్పదు. మొదటి ప్రశ్నలో చెప్పినట్టే, అతికే మాటలు చెబుతుంది. ఓపెన్‌ఏఐ స్వయంగా తయారు చేసిన డిటెక్టర్ ఏఐ రాతల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టుకోగలిగింది, దాన్ని 2023 జూలైలో ఉపసంహరించుకున్నారు.

బొమ్మల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. గూగుల్ డీప్‌మైండ్ 2023 ఆగస్టులో తెచ్చిన సింథ్‌ఐడీ కంటికి కనిపించని ముద్ర వేస్తుంది. 2021లో ఏర్పడిన సీ2పీఏ కూటమి ప్రమాణం ఫైలుకు సంతకంతో కూడిన పుట్టుపూర్వోత్తరాలు జతచేస్తుంది. స్క్రీన్‌షాట్ తీస్తే ఆ రెండవది పోతుంది. ముద్ర ఉన్నట్టు పరీక్షలో తేలితే అది ఏఐ చేసినదని చెప్పవచ్చు, ముద్ర లేనంత మాత్రాన మనిషి చేసినదని చెప్పకూడదు.

నకిలీ ఏఐ సేవ చేతిలో మోసపోయాము. ఏం చేయాలి?

ముందు యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి అనుమతిని రద్దు చేయండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన అది రద్దు కాదు. స్టోర్ ద్వారా కట్టినదైతే స్టోర్‌లోని సభ్యత్వాల పేజీలో కూడా రద్దు చేయాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. అమెరికాలో ఉన్నవారు ఎఫ్‌బీఐకి చెందిన ఐసీ3 పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

యాప్ తీసేసే ముందే దాని పేరు, డెవలపర్ పేరు, స్టోర్ పేజీ లింకు, లావాదేవీ నంబర్లు, సంభాషణల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఆ యాప్‌లో టైపు చేసిన పాస్‌వర్డు ఏదైనా ఉంటే అన్ని చోట్లా మార్చండి. ఆధార్, పాన్ కాపీలు ఇచ్చి ఉంటే యూఐడీఏఐ వెబ్‌సైటులో బయోమెట్రిక్ లాక్ చేసి, మీ పేరు మీద కొత్త రుణాలేమైనా పడ్డాయేమో తరువాతి కొన్ని నెలలు సిబిల్ రిపోర్టులో చూస్తూ ఉండండి.